మైథిలక్క పదకొండు వీడియోలు

మా సెక్షన్లో మైథిలక్కకి కోపం రావడం నేనింతవరకూ చూడలేదు. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా ఆమె బల్ల పక్కనే నా బల్ల. ఫైలు కనపడకపోయినా, పై అధికారి కాగితాలు విసిరికొట్టినా, క్యాంటీన్ నుంచి చల్లారిన టీ వచ్చినా "పోన్లేవే ఛాయా" అంటుంది. ఆమెకి రావాల్సిన కోపం కూడా నాకే వస్తుంటుంది. అందుకే ఆ నాలుగు రోజుల సంగతి నేను రాస్తున్నాను. ఆమెని రాయమంటే "ఫోను పాడైంది, కొత్తది కొన్నాం" అని రెండు ముక్కల్లో తేల్చేస్తుంది.

ఆమెది తణుకు దగ్గర, నాది జగిత్యాల. ఆమె ఆర్.కె.పురం క్వార్టర్లో ఉంటుంది. పొద్దున నాలుగున్నరకి లేస్తుంది. వంట, భర్తకి మూడు పూటల మాత్రలు వేరువేరు గిన్నెల్లో పెట్టడం, గ్యాసు సిలిండరు దగ్గరే కట్టేయడం, బాత్రూము తలుపుకి గడియ లేదు కదా అని మరోసారి చూసుకోవడం, ఆ తర్వాత బస్సు. గడియ ఆమే పీకించింది. ఆమె భర్త గోపీకృష్ణ గారు లోపల ఉండగా ఫిట్స్ వస్తే తలుపు బద్దలుకొట్టాల్సి వస్తుందని.

గోపీకృష్ణ గారు వేరే మంత్రిత్వ శాఖలో అండర్ సెక్రటరీగా చేసేవారు. ఇంకా ఆరేళ్ల సర్వీసు ఉండగానే, రెండేళ్ల కిందట, 'కుటుంబ కారణాల వల్ల' అని రాసిచ్చి రిటైరయ్యారు. అసలు కారణం ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఆయనకి వచ్చే ఫిట్స్ కింద పడిపోయి కొట్టుకునే రకం కాదు. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉంటారు, కాసేపు మన దగ్గర ఉండరు, మళ్ళీ వస్తారు. ఇద్దరు డాక్టర్లు అది టెన్షన్ అన్నారు. ఒకాయన గ్యాస్ అన్నాడు. నాలుగో చోట, పెద్ద ఆసుపత్రిలో, ఒక డాక్టరమ్మ మాత్రం సరిగ్గా విన్నది. "మీరు చెబితే నాకు చాలదు. వచ్చినప్పుడల్లా వీడియో తీయండి. ఏ చెయ్యి కదులుతోంది, ముఖం ఎటు తిరుగుతోంది, అది నేను చూడాలి. చూశాకే ఆపరేషన్ దారిలో వెళ్ళాలా, మందులే మార్చాలా అని చెప్పగలను" అంది. మళ్ళీ రమ్మన్న తేదీ నాలుగు నెలల తర్వాత.

ఆ నాలుగు నెలల్లో మైథిలక్క పదకొండు వీడియోలు తీసింది. ఎవరికీ పంపలేదు. తన అవస్థ ఎవరి కంటా పడకూడదని గోపీకృష్ణ గారు ఆమె చేత ఒట్టు వేయించుకున్నారు. పుణెలో ఉద్యోగం చేస్తున్న కూతురు భవ్యశ్రీకి కూడా చూపించలేదు. నాకు కూడా ఆ వీడియోల సంగతి, అవి పోయాకే తెలిసింది.

మే నెలాఖరు, గురువారం. సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. గురువారం సాయంత్రం ఆమె ఫోను బట్టలు నానబెట్టిన బకెట్లో పడింది. బియ్యంలో పెట్టారు, రాత్రంతా ఫ్యాను కింద పెట్టారు. వెలగలేదు. శుక్రవారం పొద్దున్నే కొత్త ఫోను కొనుక్కుని నేరుగా ఆఫీసుకి వచ్చేసింది.

"అంతా క్లౌడులో ఉంటుందటే ఛాయా. అకౌంటు పెడితే దానంతట అదే దిగిపోతుందట. షాపులో చెప్పారు" అంది.

దానంతట అదే అన్న మాట విన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఈ దేశంలో దానంతట అదే అయిన పని నేను ఒక్కటీ చూడలేదు.

అకౌంటు పేరు పెట్టాం. పాస్‌వర్డు ఆమె డైరీలో రాసి ఉంది. పెట్టాం. అప్పుడు ఫోను, 'మీ నంబరుకి ఒక కోడు పంపాం' అంది. నంబరులో చివరి రెండు అంకెలు చూపించింది. అవి ఆమెవి కావు, గోపీకృష్ణ గారివీ కావు.

"ఆ నంబర్ ఎవరిదక్కా?"

ఆమె చాలాసేపు చూసి, "ఆయన ఆఫీసు నంబరు" అంది.

తొమ్మిదేళ్ల కిందట ఇంట్లో మొదటి స్మార్ట్ ఫోను కొన్నప్పుడు అకౌంటు పెట్టింది ఆయనే. ఆఫీసు వాళ్లిచ్చిన నంబరు అంటే ఆయనకి ఎంత గొప్పో. బ్యాంకుకి అదే, గ్యాసుకి అదే, ఇన్సూరెన్సుకి అదే. మా ప్రభుత్వోద్యోగులందరికీ ఉన్న జబ్బే ఇది. ఆ నంబరు మనిషిది కాదు, కుర్చీది, కుర్చీ దిగిన రోజు బీరువా తాళాలతో పాటు అదీ అప్పగించాలి అన్న సంగతి, దిగేదాకా ఎవరికీ గుర్తుండదు. రిటైరయ్యాక ఆయన బ్యాంకులో మార్చుకున్నారు, గ్యాసుకీ మార్చారు. దీన్ని మరిచిపోయారు. ఇప్పుడు ఆ కుర్చీలో జనార్దనరావు గారున్నారు. గోపీకృష్ణ గారి కింద పనిచేసిన మనిషే.

"ఆయనకి ఫోన్ చేసి అడుగక్కా."

"ఏమని అడగనే? మీరెలా ఉన్నారు అంటారు. ఏం చెప్పను?"

అయినా చేసింది. జనార్దనరావు గారు మీటింగులో ఉన్నారు. మొదటి కోడు ఆయన చూసేసరికి గడువు దాటింది. రెండోది చదివి చెబుతుంటే సగంలో ఎవరో పిలిచారు. మూడోసారి ఫోను, 'చాలాసార్లు ప్రయత్నించారు, కొంతసేపు ఆగండి' అంది. నాకు ఒళ్లు మండింది.

"అక్కా, నువ్వు గట్ల కూసోకు. లే, ఆయన దగ్గరికే పోదాం" అన్నాను.

భోజన విరామంలో ఆటో ఎక్కి వెళ్ళాం. జనార్దనరావు గారిది అనంతపురం. మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డారు. ఆఫీసు ఫోను బల్ల మీద మా ముందే పెట్టి, "రానీ మేడమ్, కోడు వచ్చేదాకా ఎవరినీ లోపలికి రానియ్యను" అన్నారు. వచ్చింది. ఒక్కో అంకె నెమ్మదిగా చదివారు. అకౌంటు తెరుచుకుంది. 

ఆయన టీ తెప్పించి అడిగారు. "సార్ ఎందుకు పోయినారో మాకెవరికీ చెప్పలేదు మేడమ్. మా మీద ఏమన్నా కోపమా అని నేను శానా దినాలు అనుకున్యా."

మైథిలక్క గ్లాసు వైపు చూస్తూ, "కోపం కాదండీ. ఆరోగ్యం" అంది. అంతకంటే ఒక్క మాట చెప్పలేదు. ఆయన కూడా మళ్ళీ అడగలేదు. "ఈ నంబరు తీసేసి మీది పెట్టుకోండి మేడమ్, ఇంకోసారి ఇట్ల ఇబ్బంది కాకుండా" అని ఆ పనీ చేయించారు.  తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటూ కూర్చుంది. చెమటే అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం పునరుద్ధరణ మొదలైంది. క్లౌడులో మూడు బ్యాకప్పులు కనిపించాయట. ముగ్గురూ ఒకే అకౌంటు వాడుతుంటే మూడు కాక ఎన్ని ఉంటాయి. ఆమె మొదటిది నొక్కింది. రెండు గంటల తర్వాత ఫోను నిండా భవ్యశ్రీ కాలేజీ రోజుల ఫోటోలు, ధౌలా కువాన్ దగ్గర స్నేహితురాళ్లతో చాట్ తింటున్నవి వచ్చి కూర్చున్నాయి. అది కూతురి పాత ఫోనుది. అంతా చెరిపేసి శనివారం పొద్దున మళ్ళీ మొదటి నుంచి.

శనివారం నేను వెళ్ళేసరికి గోపీకృష్ణ గారు బనీనుతో కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నారు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కూలరు ముందు, స్టూలు మీద, ఛార్జరు తగిలించిన ఫోను దర్జాగా పడుకుని ఉంది. వేడెక్కితే ఆగిపోతోందట.

"రామ్మా. వీఐపీ గారు విశ్రాంతి తీసుకుంటున్నారు. మనం ఇటు కూర్చుందాం" అన్నారాయన. ఆయనకి హాస్యం పోలేదు, అదొక్కటే నయం.

తెర మీద 'కొద్ది నిమిషాలు మిగిలి ఉన్నాయి' అని ఉంది. అది పొద్దున తొమ్మిదింటి నుంచీ అలాగే ఉంది. మధ్యాహ్నం మూడైంది. గీత చివరికి వచ్చి, గోరంత దూరంలో ఆగిపోయింది. వైఫై ఆపి పెట్టాం. వైఫై డబ్బాని వరండా నుంచి గదిలోకి మార్చాం. భవ్యశ్రీకి ఫోన్ చేస్తే, "మమ్మీ, ఛోడ్ దో నా ఉసే, అప్నే ఆప్ హో జాయేగా. వై ఆర్ యూ సో టెన్స్‌డ్?" అంది. వదిలేస్తే దానంతట అదే అయిపోతుందట. ఎందుకు టెన్షనో ఆ పిల్లకి తెలీదు, తల్లి చెప్పదు. కంపెనీ వాళ్ల నంబరుకి చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించి, చివరికి ఒకమ్మాయి "ట్వంటీఫోర్ అవర్స్ వెయిట్ కీజియే మేడమ్" అంది. మైథిలక్క ఆమెకి థాంక్యూ కూడా చెప్పింది. నేనైతే చెప్పేదాన్ని కాదు.

ఆదివారం మునిర్కాలో ఒక రిపేరు దుకాణానికి తీసుకెళ్ళాం. అద్దె గదుల మధ్య సందులో, ఒక పెద్దాయన, కళ్లజోడు మీద ఇంకో అద్దం పెట్టుకుని కూర్చున్నాడు. ఫోను చూసి, ముందు దాని సాఫ్ట్‌వేరు పాతదని తేల్చాడు. పాత ఫోనులో కొత్త సాఫ్ట్‌వేరు, కొత్త ఫోనులో పాత సాఫ్ట్‌వేరు, అందుకే గీత కదలడం లేదు. అది మార్చాడు. మళ్ళీ పెట్టాడు. గంటన్నరలో గీత చివరిదాకా వెళ్ళింది. నంబర్లు వచ్చాయి, మెసేజీలు వచ్చాయి, ఆమె మాత్రల అలారాలు కూడా వచ్చాయి. ఫోటోల దగ్గర మాత్రం ఖాళీ బూడిదరంగు గళ్లు.

"ఇవి విడిగా వస్తాయి దీదీ" అన్నాడు హిందీలో. "తొమ్మిదేళ్లవి, ముగ్గురివి ఉన్నాయి. పాతవి ముందు, కొత్తవి చివర. నెట్ తీయకండి, ఛార్జింగ్ తీయకండి, ఫోను ఆపకండి. ఎన్ని రోజులో నేను చెప్పలేను."

ఆమె వీడియోలు అన్నిటికంటే కొత్తవి. అంటే వరుసలో అందరికంటే వెనక. వరుసల్లో మాకు అలవాటే గానీ, ముందున్న వాళ్లలో కూతురి పదో తరగతి ఫేర్‌వెల్, గోపీకృష్ణ గారి ఆఫీసు పిక్నిక్ ఉంటాయనుకోలేదు. దుకాణంలోని కంప్యూటర్లో తెరిచి చూశాం. గళ్లు కనిపించాయి, నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంది. పదకొండు గళ్లూ నొక్కి చూసింది. పదకొండు చక్రాలూ తిరిగాయి.

అప్పుడే ఆమె నాకు మొత్తం చెప్పింది. దుకాణం మెట్ల మీద కూర్చుని, జనం తోసుకుంటూ పోతుంటే చెప్పింది. "రేపు చూపించకపోతే మళ్ళీ నాలుగు నెలలే ఛాయా. ఈ మందులతో ఆయన పగలంతా మగతగానే ఉంటున్నారు. ఇంకో నాలుగు నెలలు నా వల్ల కాదు." అలసిపోయానని ఆమె నోటి వెంట వినడం అదే మొదటిసారి.  "నేను కూడ వస్త రేపు" అన్నాను.

సోమవారం ఆసుపత్రికి ముగ్గురం వెళ్ళాం. ఫోనుకి పవర్ బ్యాంకు తగిలించి, నా ఫోను నుంచి హాట్‌స్పాట్ ఇచ్చి, రెండింటినీ సెలైన్ సీసా మోసినట్టు రెండు చేతులతో నేనే పట్టుకున్నాను. మా నంబరు నలభై ఒకటి. ఇరవై దగ్గర ఉండగా ఫోటోలు నాలుగేళ్ల కిందటి దీపావళికి వచ్చాయి. ముప్ఫై అయిదు దగ్గర ఉండగా కిందటేడు చలికాలానికి వచ్చాయి. నేను దేవుళ్లందరినీ తలుచుకుంటున్నాను. అక్కడ ఆగాయి. ఆసుపత్రి గోడలు మందం, లోపలికి పోయేకొద్దీ సిగ్నలు పోయింది.

మమ్మల్ని పిలిచారు. రోగితో ఒక్కరే అని గుమ్మం దగ్గర ఆపబోతే, ఫోను చూపించి, "రిపోర్టులు ఇందులో ఉన్నాయి" అని నేనూ దూరిపోయాను. గోపీకృష్ణ గారు నా వైపు చూశారు గానీ కాదనలేదు.

డాక్టరమ్మకి వాళ్లిద్దరూ గుర్తే. "వీడియోలు తెచ్చారా?" అంది. ఫోను అందించాను. నొక్కింది. చక్రం తిరిగింది. ఇంకోటి నొక్కింది. గడియారం చూసుకుంది. బయట ఇంకా అరవై మంది ఉన్నారు, ఆమెనేం అనగలం. "వచ్చాక తీసుకురండి. అప్పటిదాకా ఇవే మందులు" అని కలం తీసింది.

"నేను చేసి చూపిస్తాను" అంది మైథిలక్క.

తెలుగులోనే అంది. తర్వాత హిందీలో అంది. డాక్టరమ్మ కలం ఆపింది.

మైథిలక్క లేచి భర్తని, "ఏమండీ, ఒకసారి ఇటు రండి" అని లేపి, ఆయన కుర్చీలో తను కూర్చుంది. "నేను రోజూ చూసేది ఎదురుగా కూర్చుని. ఆయన చోట్లోంచి చెయ్యకపోతే కుడి ఎడమ తారుమారవుతాయి" అని డాక్టరుతో చెప్పింది. అంత ఆలోచన ఆమెకి ఎప్పుడొచ్చిందో నాకు తెలీదు.

మొదట చూపు ఆగిపోయింది. మా సెక్షన్లో పద్దెనిమిదేళ్లుగా నేను చూస్తున్న ముఖంలోంచి మైథిలక్క వెళ్ళిపోయింది. పెదాలు ఏదో రుచి చూస్తున్నట్టు కదలడం మొదలుపెట్టాయి. ముఖం నెమ్మదిగా కుడి వైపుకి తిరిగింది. కుడి చెయ్యి పైకి లేచి, చీర మీద లేని చొక్కా గుండీని వెతుక్కుని, తిప్పుతూ, తిప్పుతూ ఉంది. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర వంకర తిరిగి కొయ్యబారిపోయింది. డాక్టరమ్మ ముందుకు వంగింది. గది బయట ఎవరో నంబరు అరుస్తున్నారు. మైథిలక్క ఆపలేదు. ఇంత చాలు అని మధ్యలో లేవలేదు. ఎంతసేపు పడుతుందో అంతసేపూ అలాగే ఉంది. చివరికి గట్టిగా ముక్కు రుద్దుకుని, కళ్లు నలుపుకుని, భర్త గొంతుతో కాదు గానీ భర్త మాటతో, "కాఫీ పెట్టావా?" అంది.

డాక్టరమ్మ గడియారం చూసి, "ఒక నిమిషం యాభై సెకన్లు" అంది. "ముఖం ముందా, చెయ్యి ముందా?"

"ముఖం. ప్రతిసారీ ముఖమే."

"ఎడమ చెయ్యేనా బిగుసుకునేది? గట్టిగా చెప్పగలరా?"

"ఎడమదే. టీ గ్లాసు ఆ చేతిలో ఉంటే పడదు. కుడి చేతిలో ఉంటే పడుతుంది."

డాక్టరమ్మ అరపేజీ రాసింది. కెమెరాలు పెట్టిన వార్డులో వారం రోజులు ఉంచి చూడాలని, పేరు ఇవాళే రాయించుకోమని, ఆపరేషన్‌కి దారి ఉండొచ్చని చెప్పింది. "ఇంట్లో మాత్రం తీస్తూనే ఉండండి" అని కూడా అంది. ఆ పదకొండు వీడియోలూ మూడో రోజుకి వచ్చాయి, ఆమె చేసి చూపించిన దానికీ వాటికీ తేడా లేదని తర్వాత డాక్టరమ్మే అందట.

పేరు రాయించి, వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఫోను ఇంకా నా చేతిలోనే ఉంది.  ఆ వీడియోల్లో ఒక్కటి కూడా గోపీకృష్ణ గారు ఎప్పుడూ చూడలేదట. నేల వైపు చూస్తూ అడిగారు.

"అంతసేపా, మైథిలీ?"

"ఒక్కోసారి ఇంకా ఎక్కువే."

"నాకు రెప్పపాటే అనిపిస్తుంది. కళ్లు తెరిచేసరికి నువ్వు ఎదురుగా ఉంటావు, అంతే." తల పైకెత్తారు. "అంతసేపూ నువ్వేం చేస్తుంటావు?"

ఆమె చెప్పులు విడిచి కాళ్లు బెంచీ కిందకి లాక్కుంది. దాచాలని గానీ, బాధపెట్టాలని గానీ లేదు ఆమె గొంతులో. అలిసిపోయిన మనిషి ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"ముందైతే మీ చెయ్యి పట్టుకుని కూర్చునేదాన్ని. వీడియో తియ్యమన్నాక ఫోను పట్టుకుంటున్నాను. కదిలితే సరిగా రాదు కదండీ, రెండు చేతులూ దానికే సరిపోతున్నాయి."

నాకు ఏడుపొచ్చింది. వాళ్లకి కనపడకుండా అటు తిరిగాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు మొదటిసారి తెలియలేదు.

 గోపీకృష్ణ గారు మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకుని లేచి నిలబడ్డారు. ఆమె చెప్పులు కాలితో దగ్గరికి జరిపారు.

"ఫోను నిలబెట్టుకునే స్టాండ్లు ఉంటాయటగా. ఆ మునిర్కా ఆయన దగ్గర దొరుకుతాయేమో. ఇంటికి పోయేముందు అక్కడ దిగి ఒకటి కొందాం" అన్నారు.